సంబంధం ఎంచుకోండి

ఆదోనిలో పొద్దున పదికి షట్టరెత్తితే
ముందు దూది లోపలికొస్తుంది, తర్వాత రోగులు.
జిన్నింగు మిల్లుల నుంచి తేలివచ్చి
కార్డు గీకే మిషను మీద కూర్చుంటుంది.
నోటితో ఊది, ఆన్ చేసి,
సిగ్నలు కోసం దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకొని
కిటికీ దాకా నడుస్తాను.
ఇదీ నా ఉద్యోగం.

లోపల డాక్టరమ్మ పళ్ళు చూస్తుంది.
నేను మిగతా మనిషిని చూస్తాను:
చెంగు ముడి విప్పడానికి ఎంతసేపు పడుతుందో,
పిన్ను కొట్టేటప్పుడు ఎవరి పెదాలు కదులుతాయో,
ఎవరు నంబరు గట్టిగా చెప్పేసి
"నువ్వే కొట్టు పాపా" అంటారో.

మొన్న ఒక పెద్దాయన, మార్కెట్‌యార్డు హమాలీ,
"పన్ను పీకేదానికి పన్నుంటాదా?" అన్నాడు.
లేదన్నాను.
"దీన్నొక్కదాన్ని మర్చిపోయినట్టుండారే గవర్మెంటోళ్ళు!"
ఉన్న నాలుగు పళ్ళతో నవ్వాడు.
పీకాక మూడు.

కుటుంబ కార్డు ఏడాదికి పన్నెండు వందలు.
నాలుగు నోళ్ళ దాకా.
రెండుసార్లు క్లీనింగు, ఎక్స్‌రే ఉచితం,
సిమెంటుకు సగం, రూట్‌కెనాలుకు పావు వంతు తగ్గింపు.
ఇది నేను నిద్రలో కూడా చెప్తున్నానని
మా ఇంట్లో ఫిర్యాదు.

ఆ పొద్దు ఇద్దరొచ్చారు.
ఉరుకుందమ్మ, మాబున్నీ.
ఒకే మిల్లు, ఒకే షిఫ్టు, ఇరవై రెండేళ్ళు.
ఒకే డబ్బీలోని పొగాకు పొడి
ఇద్దరి చిగుళ్ళకూ ఒకే రంగు వేసింది.
"ఇద్దరికీ కలిపి ఒక కార్డు."
కుటుంబానికే ఇస్తామమ్మా, అన్నాను.
"అదే గదా మేమడుగుతాండేది" అంది ఉరుకుందమ్మ.

కంప్యూటరు అడిగింది: సంబంధం?
గడి పక్కన చిన్న బాణం. నొక్కితే
భర్త. భార్య. కొడుకు. కూతురు. తల్లి. తండ్రి.
అంతటితో ప్రపంచం అయిపోయింది.
ఇంకో రెండుసార్లు నొక్కాను,
అడుగున ఏమైనా దొరుకుతుందేమోనని.

మాబున్నీ కౌంటరు మీదికి వంగి
కూడబలుక్కుంటూ చదివింది.
"తల్లని కొట్టు పాపా.
పోయినేడు జొరమొచ్చి పడుంటే
నా నోట్లో గంజి పోసింది ఇదే."
"నేను దీనికంటే ఆర్నెల్లు చిన్న!" అని
ఉరుకుందమ్మ ఉడుక్కుంది.

తల్లి అని కొట్టాను.
ఆకుపచ్చ టిక్కు పడింది.

డబ్బు దగ్గర చిక్కొచ్చింది.
మాబున్నీ కార్డులో బ్యాలెన్సు చాలలేదు.
మిషను ఆ సంగతి
గదిలో అందరికీ వినబడేట్టు రెండుసార్లు కూసింది.
కుర్చీల్లోవాళ్ళంతా ఒక్కసారిగా
గోడమీది దవడ బొమ్మను చూడ్డం మొదలుపెట్టారు.
ఉరుకుందమ్మ ఏమీ అనలేదు.
తన కార్డు ఇటు జరిపింది,
పొగాకు డబ్బీ జరిపినంత మామూలుగా.

స్లిప్పు చించిచ్చి భద్రం అన్నాను.
ఆ కాగితం సంగతి నాకు తెలుసు.
మా ఎండకు రెండు నెలల్లో అక్షరాలు ఎగిరిపోయి
తెల్లగా, దూదిలా మిగులుతుంది.

ఒకటో తేదీ వస్తే గడువు ముగిసినవాళ్ళకు ఫోన్లు.
"నొప్పి పోయింది, ఇంక కార్డేంటికి?" అంటాడు
బస్సు కండక్టరు రెడ్డప్ప.
"నొప్పొచ్చినాక కడతాలే" అంటాడు
ఎమ్మిగనూరు రోడ్డు హోటలాయన.
నొప్పొచ్చాక కట్టేది బిల్లు,
రాకముందు కట్టేది నమ్మకం అని చెప్పమంటుంది డాక్టరమ్మ.
నేను చెప్పను. సిగ్గేస్తుంది.

ఈసారి జాబితాలో వాళ్ళిద్దరి పేర్లు.
చేశాను. అటువైపు మిల్లు హోరు.
"ఎవురు?"
పళ్ళాసుపత్రి నుంచమ్మా, మీ కార్డు...
"మాయమ్మ మిషను కాడ ఉండాది" అంది మాబున్నీ,
"అడిగి చెప్తా, రొవ్వంత ఉండు."
వెంటనే దూరంగా ఎవరో తిట్టారు,
ఇటు ఈమె నవ్వింది.

ఫోనులో నవ్వు కనబడదు.
అయినా పళ్ళెన్నో నాకు తెలుసు:
ఇరవై ఏడు.
రికార్డులో ఉంది.